చెయ్యెత్తిన మనిషి

నాలుగు రోడ్లు కలిసే ఆ కూడలిలో ట్రాఫిక్ దీపం ఏళ్ల తరబడి వెలగలేదు. స్తంభం మునిసిపాలిటీది, దీపం పోలీసులది, దానికి వెళ్లే తీగ కరెంటు ఆఫీసుది. ఎవరిని అడిగినా పక్కవాళ్ల తలుపు చూపించేవారు. ఒకరోజు పాలవ్యాన్ ఒకటి అడ్డదిడ్డంగా వచ్చి, సైకిల్ మీద పోతున్న పోస్ట్‌మాన్‌ని గుద్దింది. కాలు విరిగింది కానీ ప్రాణానికేమీ కాలేదు. మూడు ఆఫీసులవాళ్లూ పళ్లు పట్టుకుని ఆసుపత్రికి వెళ్లి ఆయన్ని పలకరించి వచ్చారు. పొరపాటు మాది అని మాత్రం ఒక్కరి నోటా రాలేదు.

పట్టణ సభకు అప్పుడే కొత్తగా అధ్యక్షురాలైన ఆవిడని అందరూ పెద్ద టీచరమ్మ అంటారు. జీవితమంతా బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఆవిడ ఆ వారంలోనే దగ్గరుండి దీపం బాగుచేయించింది. తర్వాత సభలో ఒక మాట అంది.

“ఊళ్లో గుర్రాలెక్కినవాళ్ల విగ్రహాలున్నాయి, కత్తులు దూసినవాళ్లవున్నాయి. ‘ఇది నేను చేశాను, దీనికి నేను జవాబు చెప్తాను’ అన్న మనిషి విగ్రహం ఒక్కటీ లేదు. ఆ కూడలిలో అది పెడదాం.”

అందరూ బల్లలు చరిచారు. అందరికంటే గట్టిగా చరిచినవాడు మైకాయన. మైకు కనిపిస్తే వదలడని ఆ సభ్యుడికి ఊరు పెట్టిన పేరది.

పని ఊళ్లోనే ఉన్న ఒక శిల్పికి దక్కింది. నలభై దాటిన ఆడమనిషి. ఒకప్పుడు బస్సులు రిపేరు చేసిన షెడ్డును అద్దెకు తీసుకుని, దాంట్లోనే రాళ్లు చెక్కుకుంటూ, పైనున్న గదిలో ఒక్కతే ఉంటుంది. షెడ్డు నేల మీద గ్రీజు మరకలు ఇంకా పోలేదు. రాతిపొడి వాటి మీద పడి, వర్షాకాలంలో అడుగు వేస్తే చెప్పులు అతుక్కుపోయేవి. రాత్రి భోజనం మాత్రం రెండు వీధుల అవతల అక్క ఇంట్లో. అక్క బట్టలు కుడుతుంది. బావ మేస్త్రీ. ఒకరి కింద పనిచేయడం ఎప్పుడో మానేసి, సొంతంగా కట్టుబడి పనులు ఒప్పుకుంటాడు. పునాది వేయడంలో ఆయన మాటకు ఎదురు లేదని పేరు.

పని ఒప్పుకుని వచ్చిన రోజు శిల్పి కంచం ముందు కూర్చుని, తినకుండా ఆలోచిస్తూ ఉండిపోయింది.

“బాధ్యత అంటే ఏ ఆకారంలో ఉంటుంది బావా?”

“నెత్తి మీద బండరాయి పెట్టి నిలబెట్టు. మీ అక్కని చేసుకున్న రోజు నేను అలాగే ఉన్నాను,” అన్నాడు బావ.

అక్క దారం కొరుకుతూ ఆయన వైపు ఒక చూపు చూసింది. తర్వాత చెల్లెలితో అంది: “మన బడిలో కిటికీ అద్దం పగిలినప్పుడు గుర్తుందా? ‘ఎవరు?’ అని టీచర్ అడిగితే అందరం కాళ్లకేసి చూసుకునేవాళ్లం. ఎవరో ఒకరు చెయ్యెత్తేదాకా గదిలో గాలి ఆడేది కాదు. ఆ చెయ్యి చెక్కు.”

శిల్పి అప్పుడు అన్నం కలుపుకుంది.

నల్లరాయి తెప్పించింది. ఆడా మగా అని తేల్చి చెప్పడానికి లేని ఒక మనిషి. సాదా బట్టలు, కొంచెం ముందుకు వంచిన తల, భుజం పైకి లేచిన కుడిచెయ్యి. ఎత్తాలా వద్దా అని అప్పటిదాకా తటపటాయించి అప్పుడే ఎత్తినట్టు, మోచెయ్యి ఇంకా పూర్తిగా చాపలేదు. ఆ మోచేతి దగ్గరి వంపు కోసమే ఆవిడ చాలా రోజులు పెట్టింది. చూడ్డానికి వచ్చినవాళ్లు ఊరుకుంటారా? “బస్సు ఆపుతున్నాడా?” అన్నాడొకడు. “అప్పిచ్చినవాడు కనపడితే మొహం దాచుకోబోతున్నాడు,” అన్నాడింకొకడు. ఆవిడా వాళ్లతో నవ్వేది.

పునాది పని సభ వాళ్లు బావకే ఇచ్చారు. సరిగ్గా గొయ్యి తవ్వే వారంలోనే అక్కకు కడుపునొప్పి ఎక్కువై ఆసుపత్రిలో చేర్చారు. పిత్తాశయంలో రాళ్లు, ఆపరేషన్ చేసి తీరాలన్నారు. “మీ ఇద్దరూ ఇంటినిండా చేసిన రాళ్లు చాలవని నా కడుపులోనూ రాళ్లే,” అని అక్క మంచం మీద నుంచే నవ్వించబోయింది. బావకు నవ్వు రాలేదు. ఆసుపత్రికీ కూడలికీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరిగాడు.

ఆపరేషన్ రోజు పొద్దున శిల్పి గోతి దగ్గరికి వెళ్లింది. ఒక మూల గునపం పోటుకు పోటు సులువుగా దిగిపోతోంది.

“ఈ మూల ఇంత మెత్తగా ఉందేంటి బావా?”

ఆయన గోతిలోకి దిగి, మట్టి పిడికిట్లో పట్టుకుని పిసికి, వాసన చూశాడు. “పాత చెత్తగుంటలా ఉంది. ఈ మూల ఇంకో నిలువు తవ్వాలి.” తర్వాత ఆసుపత్రి ఉన్న వైపు చూశాడు. చేతులు దులుపుకున్నాడు. “కంకర పోసి దిమ్మిస కొట్టిస్తాను. ఆగుతుందిలే.”

ఆగుతుందిలే అన్న మాట ఆయన నోట అంతకుముందు ఆవిడ ఎప్పుడూ వినలేదు. అది ఆవిడకు తట్టింది కూడా. కానీ నోరు మెదపలేదు. ఆవిష్కరణ తేదీ ఆహ్వానాల మీదికి ఎక్కేసింది. పైగా ఆవిడ చెప్పాల్సిన మాట వేరే ఉంది. దూరంగా ఉన్న వంతెన మీద నుంచి కూడా బొమ్మ కనిపించాలని పీఠానికి ఇంకో వరస రాయి కలిపింది. బొమ్మ బరువు లెక్క మారిపోయిందని ఆయనతో చెప్పింది.

“చూసుకుంటాలే, నువ్వు పద, మీ అక్కని లోపలికి తీసుకెళ్లేలోపు వెళ్లాలి,” అన్నాడు బావ.

ఆ సాయంత్రం వానలో సభ ఇంజనీరు వచ్చాడు. కారు అద్దం సగం దించి, “అంతా బాగానే ఉంది కదా?” అని అడిగాడు. “బాగానే ఉంది సార్,” అన్నాడు పనివాడు. అద్దం పైకి లేచింది.

అక్క ఆరోగ్యంగా ఇంటికొచ్చింది. బొమ్మ నిలబడింది. పీఠానికి ఒక పేర్ల ఫలకం పెట్టాలన్నారు. ఎవరి పేరు ముందుండాలన్న దాని మీద సభలో మంచి గొడవే అయింది. చివరికి మైకాయన పేరు మొదటి వరసలో చేరింది. ఆవిష్కరణ రోజు ఆయన బాధ్యత గురించి ఎంతసేపు మాట్లాడాడంటే, బ్యాండువాళ్లు వాయిద్యాలు సర్దేసుకున్నారు.

ఆ వానాకాలం ఇంకా పోకముందే విషయం ముందు సెలూన్ ఆయన కంటపడింది. ఆయన అద్దంలో కూడలి కనిపిస్తుంది. ఒక రోజు గడ్డం గీస్తూ గీస్తూ కత్తి ఆపేశాడు. అద్దం అంచుకు సమానంగా నిలబడి ఉండే బొమ్మ ఇప్పుడు ఆ అంచును దాటి పక్కకు పోతోంది. నురగతో ఉన్న గిరాకీని కుర్చీలోనే వదిలేసి బయటికెళ్లి చూశాడు. తర్వాత నేరుగా మేస్త్రీ ఇంటికి వెళ్లాడు.

బావ దారానికి ఇనుపగుండు కట్టి బొమ్మ భుజం నుంచి కిందికి వదిలాడు. గుండు పాదం దగ్గర ఉండాల్సింది జానెడు ఇవతల వేలాడింది. ఆయన దారం చుట్టి జేబులో పెట్టుకున్నాడు. శిల్పి పక్కనే ఉంది. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

సభ కూర్చుంది. బొమ్మ చుట్టూ తాళ్లు కట్టి, బస్సులు అటు పోకుండా ఆపారు. ఇంజనీరు పీఠం బరువు ఎక్కువన్నాడు. వాన ఎక్కువన్నాడొకాయన. రాయి తెచ్చిన లారీ కూడలిలో తిరగడం వల్ల నేల కుంగిందన్నాడు ఇంకొకాయన. మైకాయన గొంతు సవరించుకుని, ఫలకం మీది అక్షరాలు ఎవరూ చదవడం లేదు కాబట్టి తన పేరు అక్కడ ఉండాల్సిన అవసరం లేదేమోనని సూచించాడు. మేస్త్రీ ఇంకా నోరు తెరవలేదు. వెనక బెంచీ మీద మోకాళ్ల మధ్య చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. ఒకటి రెండు తలలు అటు తిరిగాయి.

ఆ తలలు తిరగడం శిల్పి చూసింది. లేచి నిలబడింది.

“పొరపాటు నాదండీ. పీఠం ఎత్తు నేను పెంచాను. ఎవరికీ చెప్పలేదు. మేస్త్రీగారికి కూడా చెప్పలేదు. ఆయన నేనిచ్చిన లెక్కకు పునాది వేశారు. దించి మళ్లీ నిలబెట్టే పని నేనే చేస్తాను.”

గదిలో అందరి భుజాలూ కిందికి దిగాయి. పెద్ద టీచరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది. “ఈ ఊళ్లో ఇలాంటి మాట వినడానికి నేను చాలాకాలం ఆగాను,” అంది. మర్నాడు పత్రికలో శిల్పి ఫొటో వేసి, బొమ్మ వంగినా చేసినావిడ నిటారుగా నిలబడిందని రాశారు. కూరగాయలమ్మే ఆవిడ రెండు వంకాయలు ఊరికే వేసింది. శిల్పికి ఆ పొగడ్తలు చొక్కా లోపల పడిన రాతిపొడిలా గుచ్చుకున్నాయి. అయినా మంచి పనే చేశాననుకుంది. బావ పేరు నిలబడింది. బడికి కొత్త గదులు కట్టే పని ఆయనకు రాబోతోంది. అక్క కడుపు మీది కుట్లు ఇంకా పూర్తిగా మానలేదు. ఇంకేం కావాలి?

కానీ బావ ఆవిడతో మాట్లాడటం మానేశాడు. భోజనానికి వెళితే, తనకు ఆకలి లేదని వసారాలోకి వెళ్లిపోయేవాడు. “మీ బావకేమైందే? అడిగితే గోడకు చెప్పినట్టే ఉంది,” అని అక్క వాపోయేది.

ఒక మధ్యాహ్నం ఆయనే షెడ్డుకు వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

“నా తప్పు నువ్వెందుకు పట్టుకుపోయావ్?”

ఆవిడ ఉలి కింద పెట్టింది. “పట్టుకుపోవడమేంటి బావా. అందరూ నీకేసే చూస్తున్నారు. నీ పేరు పోతుందని...”

“పోతే నాది పోతుంది. నిన్నడిగానా? ఆ మూల మెత్తగా ఉందని నాకు తెలుసు. తవ్వాలని తెలుసు. తవ్వలేదు. అది చెప్పడానికే ఆ బెంచీ మీద కూర్చున్నాను. ఒక్కొక్కళ్లూ వానా, లారీ అంటుంటే నోరు పెగలడానికి కాస్త టైం పట్టింది. ఈలోపు నువ్వు లేచావ్.”

“నాకేం తెలుసు నువ్వు చెప్తావని?”

“తెలీదు. నేను చెప్పనని మాత్రం నీకు నువ్వే తేల్చేసుకున్నావ్.” ఆయన గొంతు పెరగలేదు. అదే ఆవిడకు కష్టంగా ఉంది. “నేనేమన్నా పసివాణ్ణా అమ్మాయ్, కొంగు చాటున దాచుకోవడానికి? రోజూ ఆ కూడలి మీదుగా పోవాలి నేను. మేస్త్రీ పాపం, ఆయనకేం తెలీదు అంటున్నారు. పునాది వేసినవాడికి ఏం తెలీదట! ఇంతకంటే తిట్టు ఉందా నాకు?”

శిల్పికి కోపం వచ్చింది. చేసిన మేలు మట్టిలో కలిసినట్టయింది. “ఊరంతా మెచ్చుకుంటున్నారు. నీకు మాత్రం తిట్టులా ఉంది!”

“వాళ్లు మెచ్చుకునేది జరిగిందాన్ని కాదు. పీఠం సంగతి నాకు చెప్పలేదన్నావ్. చెప్పావ్ కదా? ఆసుపత్రికి వెళ్లే తొందరలో నేనే వినిపించుకోలేదు. నువ్వు అబద్ధమాడావ్. అదీ చెయ్యెత్తిన ఆ బొమ్మ విషయంలో.”

ఆయన వెళ్లిపోయాక చెక్కడానికి కూర్చుంటే సుత్తి రెండుసార్లు వేలి మీద పడింది.

సాయంత్రం వెళ్లేసరికి అక్కకు సంగతంతా తెలిసిపోయింది. కుట్టుమిషన్ ముందు కూర్చుని కళ్లు తుడుచుకుంటోంది. “ఇదంతా నా వల్లే. నేను ఆ టైంలో ఆసుపత్రిలో పడకపోతే ఆయన ఆ మూల వదిలేవారా?”

“నువ్వు ఊరుకో!” అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

“నేనెందుకు ఊరుకోవాలి? మీ ఇద్దరిదేనా? నాకు లేదా?”

“కడుపులో రాళ్లు నువ్వు చెక్కుకున్నావటే?” అంది శిల్పి.

“మెత్తటి మట్టి చూసింది నేను,” అన్నాడు బావ.

“చూసి ఊరుకుంది నేను. బరువు పెంచింది నేను.”

“పెంచితే? గట్టి నేలయితే ఆ బరువు ఆగేది.”

“గట్టి నేల కాదని తెలిశాక కూడా తగ్గించలేదు కదా!”

పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసి, ఆస్తి గొడవనుకుని గబగబా లోపలికి వెళ్లిపోయింది. అది చూసి అక్క ముందు నవ్వింది. కుట్లు నొప్పి పుట్టి కడుపు పట్టుకుని మరీ నవ్వింది. చాలా రోజుల తర్వాత ముగ్గురూ ఒకేచోట కూర్చుని తిన్నారు. తింటూ, ఎవరు ఏం చెప్పాలో మాట్లాడుకున్నారు. ఎక్కువేమీ లేదు. ఎవరు చేసింది వాళ్లు చెప్పాలి.

తర్వాతి సభలో బావ ముందు లేచాడు. చెత్తగుంట సంగతి, తవ్వకుండా కంకరతో నింపిన సంగతి, పీఠం ఎత్తు తనకు తెలుసన్న సంగతి చెప్పాడు. భార్య ఆపరేషన్ ఊసెత్తలేదు. మైకాయన ఊరుకోలేక, “అంటే ఇప్పుడు కొత్త తప్పు బయటపడిందన్నమాట,” అన్నాడు.

“కొత్తది కాదండీ. అప్పటిదే,” అన్నాడు బావ.

పెద్ద టీచరమ్మ శిల్పి వైపు తిరిగింది. “మేస్త్రీగారికి చెప్పలేదని మీరు ఇదే గదిలో మాతో అన్నారు.”

“అన్నానండీ.”

“అబద్ధం చెప్పారా?”

మొదటిసారి లేచి నిలబడ్డప్పుడు ఆవిడకు భయం వేయలేదు. ఇప్పుడు వేసింది. పొగిడినవాళ్లందరి మొహాలూ ఎదురుగా ఉన్నాయి.

“చెప్పానండీ. ఆయన్ని కాపాడదామనుకున్నాను. మూల మెత్తగా ఉందని నాకూ తెలుసు. తేదీ దాటిపోతుందని ఊరుకున్నాను. పీఠం పెంచింది కూడా అవసరమై కాదు. వంతెన మీద నుంచి నా పని కనపడాలని పెంచాను.”

ఈసారి ఎవరూ మెచ్చుకోలేదు. పెద్ద టీచరమ్మ చాలాసేపు బల్ల మీది కాగితాలు సర్దింది. చివరికి, “ఆ రోజు విన్నదే బాగుంది,” అంది. “కానీ ఇవాళ విన్నదాంతోనే మళ్లీ కట్టాలి.”

ఇంజనీరు ఆ పూట ఒక్క మాటా అనలేదు.

బడి గదుల పని వేరే మేస్త్రీకి వెళ్లింది. బావ దగ్గర పనిచేసే ఇద్దరు అటే వెళ్లిపోయారు. పత్రికవాళ్లు ఈసారి ఫొటో వేయలేదు. చివరి పేజీలో చిన్న ముక్క రాసి సరిపెట్టారు. శిల్పికి వస్తుందనుకున్న ఇంకో పని కూడా మాటల్లోనే ఆగిపోయింది.

క్రేన్‌తో బొమ్మను దించి, కూడలి పక్కన ఇసుక మెత్త మీద వెల్లకిలా పడుకోబెట్టారు. పడుకున్నా చెయ్యి పైకే ఉంది. దానికి ఎవరో గొడుగు తగిలించిపోయారు. పూల బండి ఆవిడ రోజూ పొద్దున దాని మొహం మీది దుమ్ము తుడిచేది. ఎందుకని అడిగితే, “పడుకున్న మనిషిని అలా ఎలా వదిలేస్తామమ్మా,” అంది.

పాత కాంక్రీటు పగలగొట్టి తవ్వితే, ఆ మూల అనుకున్నదానికంటే అధ్వానంగా ఉంది. కుళ్లిన గుడ్డలు, సీసా పెంకులు, ఒక చెప్పు, వాటి కింద నల్లటి బురద. బావ ఈసారి గట్టినేల తగిలేదాకా ఎవరినీ పైకి రానివ్వలేదు. రెండో రోజు ఇంజనీరు వచ్చాడు. కారు దూరంగా ఆపి, నడుచుకుంటూ వచ్చి, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి గోతిలోకి దిగాడు. మట్టి పట్టుకుని చూశాడు. మూడో రోజు వచ్చాడు, నాలుగో రోజూ వచ్చాడు. ఆయన బూట్లకంటిన బురద చూసి పనివాళ్లు చాటుగా నవ్వుకున్నారు. బావ మాత్రం ఒకసారి ఆయన దిగుతుంటే చెయ్యి అందించాడు.

శిల్పి పీఠం పై వరస రాయిని తీయించేసింది. తీసేటప్పుడు మనసు కొంచెం గుంజింది. ఇప్పుడు బొమ్మ వంతెన మీద నుంచి కనపడదు. కూడలిలోకి వచ్చినవాళ్లకే కనపడుతుంది. ఫలకం మళ్లీ పెడదామా అంటే సభలో ఎవరూ పట్టుబట్టలేదు.

ఒక మామూలు బుధవారం పొద్దున బొమ్మ మళ్లీ నిలబడింది. బ్యాండు లేదు, ఉపన్యాసం లేదు. బావ నాలుగు వైపులా గుండు వదిలి చూశాడు. తర్వాత శిల్పి చేతికి దారం ఇచ్చి, “నువ్వూ చూడు,” అన్నాడు. ఆవిడ చూసింది. ఇంజనీరు అడగకుండానే చెయ్యి చాపి దారం తీసుకుని తనూ చూశాడు. పీఠం తగ్గడంతో దాని అంచు కుర్చీ ఎత్తుకు వచ్చింది. మధ్యాహ్నానికల్లా బస్సు కోసం ఆగిన ఇద్దరు నర్సులు దాని మీద కూర్చుని చెప్పులు విడిచి కాళ్లు చాపుకున్నారు. రాయి అంచులు అరిగిపోతాయని బావ సణిగాడు. శిల్పి వద్దనలేదు.

ఆ సాయంత్రం అక్క ఇంటి వసారాలో ఇద్దరూ కూర్చున్నారు. లోపల మిషన్ చప్పుడు ఆగి ఆగి వినిపిస్తోంది.

“బడి పని పోయినందుకు బాధగా ఉందా బావా?” అని అడిగింది ఆవిడ.

“ఉండదా మరి?” అన్నాడు. “పొద్దున అటుగా వెళితే వాళ్లు పునాదికి ముగ్గు పోస్తున్నారు. చూడబుద్ధి కాక తల తిప్పుకున్నాను.”

“అయితే...”

“అయితే ఏముంది. బాధ కూడా నాదే. దీన్నైనా నాకు వదిలెయ్.”

ఆవిడ తల ఊపింది. ఆయన కాళ్లు చాపుకుని, గోడకు తల ఆనించి, కళ్లు మూసుకున్నాడు. లోపలి నుంచి అక్క సూదిలో దారం ఎక్కించి పెట్టమని కేకేసింది. శిల్పి లేచి, ఆయనకు తగలకుండా పక్కకు ఒదిగి, లోపలికి వెళ్లింది.